గంప కింద బల్బు

ఆ పొద్దున మాధవయ్య అనుకున్న పనులు రెండే: ఊసరవెల్లికి మిడత తినిపించడం, పది గంటలకు వైశ్యుల గుడి అమ్మవారిశాల కమిటీకి అధ్యక్షుడు కావడం. గుడికని ఆళ్లగడ్డలో చెక్కించిన రాతి సింహాన్ని నిన్న తనే తెచ్చి నంద్యాలలో దింపుతుంటే, చుట్టిన గడ్డిలోంచి బయటపడిందా ఊసరవెల్లి. చలికి పాపం కొయ్యబారిపోయి ఉంది. చూడగానే మనసు పారేసుకున్నాడు. పెరట్లో గంప బోర్లించి, లోపల ఆకుల కొమ్మ పెట్టి, నీళ్లు చిలకరించి, వెచ్చగా ఉంటుందని అరవై క్యాండిల్ బల్బు వేలాడదీశాడు.

తెల్లారినప్పటి నుంచీ అది నోరు తెరుచుకునే ఉంది. మిడతను మాత్రం ముట్టదు.

"తిను నాయనా, తింటే గదా పెరిగేది!" అని మాధవయ్య బతిమాలుతున్నాడు.

గోడవతల కమలాక్షమ్మ చెవిన ఆ మాట పడింది. తొంగి చూసింది. గంప, బల్బు, మిడతలు! ఇంకేముంది, కోడిపిల్లలే! గుడ్డు పేరెత్తితే నోరు పుక్కిలించే ఇంట్లో కోళ్లు! కాఫీల వేళకు అవి డజను, టిఫిన్ల వేళకు ఐదు వందలు. మాధవయ్య ఆళ్లగడ్డ పోయింది సింహం కోసం కాదు, కోళ్ల బేరానికేనని కూడా వీధి తేల్చేసింది.

పది కొట్టకముందే కమిటీ మొత్తం పెరట్లో దిగింది. అందరికన్నా ముందు ఆదినారాయణ, అధ్యక్ష పదవికి పోటీదారు.

"ఏందప్పా మాధవయ్యా! కోళ్లు సాకుతాండావంట?"

"కోళ్లు గాదన్నా!"

"మరేంది?"

మాధవయ్య గంపకు అడ్డంగా నిలబడ్డాడు. ఊసరవెల్లి అని చెబితే, అపశకునమని ఇంకో రగడ. ఎటు చూసినా పదవి పోయినట్టే. అంతలో భార్య సుబ్బలక్ష్మి అందుకుంది.

"నేను అప్పుడే చెప్తి గదా, ఆ పీడ మనకొద్దని!"

"ఇంటామెనే ఒప్పుకుండె! ఇంకేం గావల్ల?" అంటూ ఆదినారాయణ గంప ముందు గొంతుక్కూర్చుని, సందుల్లోంచి బల్బును చూసి అదిరిపడ్డాడు.

"అయ్యో అయ్యో! ఇంత కిందికా కట్టేది? మాడి సస్తాయి గదప్పా! జానెడు పైకి కట్టల్ల. బల్బు కింద గుంపుగూడితే సలి, దూరం పోతే ఉడుకు, అంతే లెక్క. మా గోస్పాడు తోటలో ఒక్క కోడిపిల్లన్నా సచ్చిందేమో పోయి సూడు!"

అందరి తలలూ ఆదినారాయణ వైపు తిరిగాయి.

"యాడన్నా? మీ తోటలోనా?" అంది కమలాక్షమ్మ గోడ మీంచి, మెల్లగా.

ఆదినారాయణ ముఖం ఎర్రబడి, నల్లబడి, చివరికి పాలిపోయింది. ఇదే అదనని మాధవయ్య గంప ఎత్తేశాడు. బల్బుకు వీలైనంత దూరంగా, కొమ్మ చివర, ఊసరవెల్లి నోరు తెరిచి రొప్పుతోంది.

"ఓస్, ఊసరవెల్లేనా! కోడి గాదు గదా!" అని కమిటీ ఊపిరి పీల్చుకుంది. అపశకునం మాట ఎవరికీ గుర్తు రాలేదు.

మాధవయ్య అధ్యక్షుడై ఇంటికొస్తూనే, దండ మెడలో ఉండగానే, బల్బును జానెడు పైకి కట్టాడు. కాసేపటికి ఊసరవెల్లి నోరు మూసుకుంది. తర్వాత రెండు కళ్లూ మిడత మీద నిలిపి, నాలుక విసిరి లాగేసుకుంది!

"తినిందే సుబ్బూ! తినిందే!" అని కొత్త అధ్యక్షుడు పెరడంతా గంతులేశాడు.

ఏం సాకితేనేం, ఆదినారాయణ లెక్క మాత్రం సరైనదే.