పిల్లల భక్తిని కాంట్రాక్టుకు ఇచ్చేద్దాం!

పిల్లలకు దేవుడి గురించి అమ్మానాన్నలు ఇంట్లో చెప్పడాన్ని వెంటనే నిషేధించాలి! ఈ మాట నేను వేళాకోళానికి అనడం లేదు. కాఫీ తాగి, కళ్ళద్దాలు తుడుచుకుని, బాగా ఆలోచించే రాస్తున్నాను.

ఎందుకంటారా? మనం హోసూరువాళ్ళం. ఇక్కడ ఏ ఫ్యాక్టరీలోకైనా వెళ్ళి చూడండి. క్యాంటీన్ కాంట్రాక్టు. గేటు దగ్గర సెక్యూరిటీ కాంట్రాక్టు. ఊడ్చేది కాంట్రాక్టు, తోటకు నీళ్ళు పట్టేది కాంట్రాక్టు. చివరికి ఆయుధపూజ రోజు మెషీన్లకు మామిడాకులు కట్టేవాళ్ళు కూడా కాంట్రాక్టు మనుషులే! ఇంత ముందుకుపోయిన ఊళ్ళో, పిల్లల భక్తిని మాత్రం కన్నవాళ్ళు సొంత చేతులతో పెంచుకుంటూ కూర్చోవాలా? ఇదేం అనాగరికం?

అదృష్టం కొద్దీ మా చర్చి ఈ విషయంలో జిల్లాకే ఆదర్శం. నేను కమిటీ మెంబరును కాబట్టి గొప్పలు చెబుతున్నానని అనుకోకండి. గొప్పలున్నాయి కాబట్టే చెబుతున్నాను.

మా దగ్గర పసిబిడ్డను దేవుడికి ప్రతిష్ఠించే ఆచారం ఉంది. పాస్టరుగారు బిడ్డను ఎత్తుకుని, "ఈ బిడ్డను దేవుని మార్గంలో పెంచుతారా?" అని అమ్మానాన్నలను అడుగుతారు. వాళ్ళు "పెంచుతాం" అంటారు. తర్వాత మా వైపు తిరిగి, "సంఘమా, మీరు తోడుంటారా?" అంటారు. మేమందరం లేచి నిలబడి, పైకప్పు ఎగిరిపోయేలా "ఉంటాం!" అంటాం. ఆ తర్వాత బిర్యానీ.

ఇందులో అందం ఎక్కడుందో గమనించారా? ఆ రోజు నుంచి, ఇక చర్చి చూసుకుంటుందని అమ్మానాన్నలకు నిశ్చింత. అమ్మానాన్నలు చూసుకుంటారని చర్చికి నిశ్చింత. ఒక్క పూటలో ఇంతమందికి మనశ్శాంతి ఇచ్చే ఏర్పాటు ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉందా?

మాటలు చాలు, ఉదాహరణ కావాలంటారు. ఇస్తాను. మా ఎదురింటి లోకనాథ్‌ను తీసుకోండి. ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. భార్య ప్రతిభ ఎలక్ట్రానిక్ కంపెనీలో పని చేస్తుంది, పొద్దున్నే కంపెనీ బస్సెక్కి పోతుంది. పెళ్ళైన కొత్తలో ఇద్దరూ మా చర్చిలో చేరారు. కూతురు భువన మూడో క్లాసు. ఆ పిల్లను ప్రతిష్ఠించిన రోజు నేను రెండుసార్లు బిర్యానీ వడ్డించుకున్నాను, బాగా గుర్తుంది.

వాళ్ళింట్లో రోజూ కుటుంబ ప్రార్థన తప్పదు. ఎలాగంటే, ప్రతిభ కుటుంబ ప్రార్థన క్యాసెట్ ఒకటి కొనుక్కొచ్చింది. సాయంత్రం టేప్‌రికార్డరులో అది వేసి, తను వంటింట్లో కూరలు తరుగుతుంది. భువన టేప్‌రికార్డరు ముందు చేతులు జోడించుకుని కూర్చుంటుంది. అందులోని పెద్దమనిషి పాట పాడతాడు, వాక్యం చదువుతాడు, ఇంట్లో అందరి కోసం ప్రార్థన చేస్తాడు. ఆయన ఆమెన్ అనగానే భువన ఆమెన్ అంటుంది, వంటింట్లోంచి ప్రతిభ కూడా ఆమెన్ అంటుంది. కరెంటు పోతే మాత్రం ప్రార్థన సగంలో ఆగిపోతుంది. అది కరెంటు ఆఫీసువాళ్ళ తప్పు, ప్రతిభ తప్పు కాదు.

ఇంత సక్రమమైన ఇంట్లో ఒక్క మనిషి మాత్రం అడ్డంగా ఉండేది. లోకనాథ్ తల్లి మునిలక్ష్మమ్మ. కెలమంగలంలో జీవితమంతా పట్టుపురుగులు మేపిన మనిషి, మోకాళ్ళు అరిగాక కొడుకు దగ్గరికి వచ్చింది. నొసట ఇంత కుంకుమ. చర్చి గడప తొక్కింది లేదు. అటువంటి ఆవిడ, క్యాసెట్ అయిపోగానే మనవరాలిని మంచం మీద కూర్చోబెట్టుకుని ఏం చేసేదో తెలుసా?

"ఏం అడిగినావు పాపా మీ సామిని?" అనేది.

"నీ మోకాలి నొప్పి పోవల్లని అడిగినాను అవ్వా."

"అట్లానా! ఇంగేం అడిగినావు?"

"మన కుక్క యాడికో పోయింది కదా, అది ఇంటికి రావల్లని."

"వస్తాదిలే. సామితో అన్నీ చెప్పుకోవల్ల. నువ్వు చెప్పు, నేను వింటాను."

అలా ఆ పిల్ల చెబుతూనే ఉండేది, ఆవిడ వింటూనే ఉండేది! మా వరండాలోకి వినబడుతుంటే నాకు ఒళ్ళు మండిపోయేది. ఆవిడకు టీచర్స్ ట్రైనింగ్ ఉందా? సర్టిఫికెట్ ఉందా? బోర్డు మీద అంటించే రంగు బొమ్మలున్నాయా? కుంకుమ పెట్టుకున్న ముసలావిడ క్రైస్తవ పిల్ల ప్రార్థన వినడమేమిటి? కమిటీ నిద్రపోతోందా? లోకనాథ్‌కు కూడా ఇది తలవంపుగానే ఉండేది. చర్చివాళ్ళు ఇంటికొస్తే తల్లిని లోపలి గదిలో ఉండమనేవాడు.

వానల్లో మునిలక్ష్మమ్మకు జ్వరం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చారు. భువన రోజూ స్కూలు నుంచి వచ్చి, క్యాసెట్ వేయకుండానే, అవ్వ పడుకునే మంచం పక్కన మోకరించి ప్రార్థన చేసేది. అయినా మునిలక్ష్మమ్మ పోయింది. కెలమంగలం తీసుకుపోయి మట్టి చేసి వచ్చారు.

వచ్చిన మర్నాడు భువన తండ్రిని అడిగింది. "నాన్నా, అవ్వకు బాగు కావల్లని నేను దినమూ ప్రార్థన చేసినాను. అయినా అవ్వ సచ్చిపోయింది. దేవుడు నా మాట విన్నాడా, లేదా?"

ఇక్కడే మన కాంట్రాక్టు పద్ధతి ఎంత గట్టిదో బయటపడుతుంది. వెనకటి కాలపు తండ్రి అయితే ఏం చేసేవాడు? పిల్లను దగ్గరికి తీసుకుని, తనూ ఏడ్చి, ఏదో ఒకటి చెప్పి గందరగోళం చేసేవాడు. లోకనాథ్ అలా తొందరపడలేదు. షూ లేసు కట్టుకుంటూ, "ఇట్లాంటివన్నీ సండే స్కూల్లో అడగల్లమ్మా. ఆడ చిత్ర టీచర్ ఉండాది కదా, బాగా చెప్తాది. నాకు షిఫ్టుకు టైమైపోయింది" అన్నాడు. ఎంత క్రమశిక్షణ!

ఆదివారం భువన చిత్ర టీచర్‌ను అడిగింది. చిత్ర మంచి అమ్మాయి. పిల్లలను కసురుకోదు. కాకపోతే క్రిస్మస్‌కు కంఠత వాక్యాల పోటీ ఉంది, పిల్లలు సగం మంది ఇంకా తడబడుతున్నారు. "ఇది మన పాఠంలో లేదు పాపా. ముందు వాక్యం అప్పజెప్పు. ఇంత పెద్ద సంగతులు పాస్టరుగారినే అడగల్ల" అంది.

పాస్టరుగారు చర్చి కొత్త హాలుకు కాంక్రీటు పోయిస్తున్నారు. మేస్త్రీతో మాట్లాడుతూనే భువన మాట మొత్తం విన్నారు. ఆ ఓపిక చూసి నేనే ఆశ్చర్యపోయాను. "చాలా మంచి ప్రశ్న తల్లీ! వేసవి సెలవుల్లో పిల్లల బైబిలు క్లాసులకు, అదే వి.బి.ఎస్.కు, బెంగళూరు నుంచి స్పెషల్ టీమ్ వస్తుంది. పిల్లల విషయాల్లో ట్రైనింగ్ అయినవాళ్ళు. వాళ్ళను అడుగు" అని తల నిమిరి, "ఇసుక ఎక్కువైందప్పా!" అని మేస్త్రీ వైపు తిరిగారు.

పిల్ల ప్రశ్న పట్టుకుని వేసవి దాకా ఆగింది. పిల్లలకు ఓర్పు నేర్పడంలో మా చర్చిని మించినది లేదు.

బెంగళూరు టీమ్ గురించి మీకు చెప్పి తీరాలి. అందరికీ ఒకే రంగు టీషర్టులు, ఒక గిటారు, చేతికి తొడుక్కుని మాట్లాడించే బొమ్మ ఒకటి. తెలుగు పాటను ఇంగ్లీషులో పాడతారు, ఇంగ్లీషు పాటను ఎవరికీ తెలియని భాషలో పాడతారు. ముందు డెంకణికోటలో క్యాంపు పెట్టారు. "దేవుడు చేసిన ఏనుగు ఎలా నడుస్తుంది? ఎవరు చూపిస్తారు?" అని టీమ్ లీడరు చెయ్యి తొండంలా ఊపుకుంటూ పిల్లల మధ్యకు వచ్చాడు. ఆ పిల్లలు అడవి అంచు ఊళ్ళవాళ్ళు. రాగి చేలో ఏనుగు దిగితే ఏం చేయాలో పుట్టినప్పటి నుంచి చూస్తున్నవాళ్ళు. అందరూ అన్నం ప్లేట్లు అందుకుని, టంగుటంగుమని వాయిస్తూ, కేకలు పెడుతూ లీడరును గేటు దాకా తరిమారు! పిల్లలు ఎంతో ఉత్సాహంగా పాల్గొన్నారని బెంగళూరుకు రిపోర్టు పోయింది.

ఆ టీమే హోసూరు వచ్చింది. భువన మొదటి రోజే లేచి నిలబడి అడిగింది. లీడరు చేతిలో బొమ్మ సన్నటి గొంతుతో, "దేవుడు మనందరినీ ప్రేమిస్తున్నాడు! గట్టిగా హల్లెలూయా చెప్పండి!" అంది. హాలంతా హల్లెలూయా అంది.

"అది నాకు తెలుసు అంకుల్. మా అవ్వ గురించి చెప్పింది విన్నాడా, లేదా?" అంది భువన.

లీడరు చేతి నుంచి బొమ్మ తీసేశాడు. పాపం, చెమట పట్టింది. "ఇలాంటివి ఇంట్లో అమ్మానాన్నలతో మాట్లాడాలమ్మా. పేరెంట్సే బెస్ట్ టీచర్స్" అన్నాడు.

చూశారా! ప్రశ్న ఎక్కడ బయలుదేరిందో మళ్ళీ అక్కడికే క్షేమంగా చేరింది. దారిలో ఎవరైనా ఆ పిల్లను తిట్టారా? లేదు. కసిరారా? లేదు. అందరూ తల నిమిరారు, అందరూ మంచి ప్రశ్న అన్నారు, అందరూ పక్క గేటు చూపించారు. ఆ సాయంత్రం భువన ఇంటికి వెళ్ళేసరికి లోకనాథ్ షిఫ్టుకు వెళ్ళిపోయాడు. ప్రతిభ క్యాసెట్ వేసి వంటింట్లోకి వెళ్ళింది. క్యాసెట్ ఆమెన్ అంది. భువన ఆమెన్ అంది.

అప్పటి నుంచి ఆ పిల్ల ఎంత బాగుపడిందో చెప్పలేను. ఎవరినీ ఏమీ అడగలేదు. వాక్యాలన్నీ గుక్క తిప్పుకోకుండా కంఠతా పట్టింది. ఆ ఏటి క్రిస్మస్ పోటీలో ఫస్ట్ ప్రైజ్! స్టీలు టిఫిన్ బాక్సు నేనే నా చేతులతో అందించాను. లోకనాథ్ మొదటి వరుసలో నిలబడి ఫోటోలు తీశాడు. "మా పాప విశ్వాసంలో బాగా ఎదిగిందన్నా" అన్నాడు నాతో.

ఇక్కడితో ఆపేస్తే ఈ వ్యాసం కమిటీ గోడ మీద అతికించుకోదగ్గది. కానీ కొత్త సంవత్సరం వచ్చిన కొన్నాళ్ళకు లోకనాథ్‌కు కడుపులో నొప్పి లేచింది. అపెండిక్స్, వెంటనే ఆపరేషన్ చేయాలన్నారు నర్సింగ్ హోములో. పొద్దున్నే నేనూ వెళ్ళాను. సూపర్‌వైజరు పచ్చ గౌను వేసుకుని, స్ట్రెచర్ మీద ముఖమంతా పాలిపోయి ఉన్నాడు. ఎంతోమందిని గడగడలాడించే మనిషి, దుప్పటి గడ్డం దాకా లాక్కున్నాడు.

"పాస్టరుగారికి ఫోన్ చేసినావా?" అని ప్రతిభను అడిగాడు.

"కృష్ణగిరిలో మీటింగంట. సెల్లు ఆఫ్ చేసిపెట్టినారు" అంది ప్రతిభ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ.

"మరి నువ్వన్నా ప్రార్థన చెయ్యి."

ప్రతిభ నోరు తెరిచింది. "ప్రభువా" అని అక్కడే ఆగి, మళ్ళీ పాస్టరుగారి నంబరే నొక్కింది. ఇంట్లో ఆ పని ఎప్పుడూ క్యాసెట్‌దే కదా! లోకనాథ్ భువన చెయ్యి పట్టుకున్నాడు. "పాపా, నాకు భయంగా ఉండాది. నువ్వొక మాట దేవునికి చెప్పమ్మా. నాన్నకు ఏమీ కాకూడదని చెప్పు."

"పాస్టరుగారు వచ్చేదాకా ఉండు నాన్నా. అది మన పని కాదు కదా" అంది భువన.

"నీకు ఫస్ట్ ప్రైజ్ వచ్చింది కదమ్మా..."

"అది వాక్యాలకు. వాక్యం కావల్లంటే చెప్తాను." చేతులు వెనక్కి కట్టుకుని, నిటారుగా నిలబడి, గోడ వైపు చూస్తూ, ఒక్క తప్పు లేకుండా చెప్పేసింది. అధ్యాయం, వచనం కూడా చెప్పింది. నర్సు స్ట్రెచర్ తోసుకుంటూ లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకునేదాకా లోకనాథ్ కూతురినే చూస్తున్నాడు.

ఆపరేషన్ బాగానే జరిగింది. మనిషి ఇంటికొచ్చాడు, సెలవు మీద ఉన్నాడు. షిఫ్టు లేదు, షూ లేసులు లేవు. ఒక సాయంత్రం నేను పరామర్శకు వెళ్ళేసరికి, భువన కింద కూర్చుని హోంవర్కు చేసుకుంటోంది. లోకనాథ్ కుర్చీలోంచి మెల్లగా దిగి ఆ పిల్ల పక్కన కూర్చున్నాడు. కుట్లు నొప్పి పెడుతున్నట్టున్నాయి, పళ్ళు బిగించాడు.

"పాపా, అవ్వ పోయినప్పుడు నువ్వొకటి అడిగినావు. నీ మాట దేవుడు విన్నాడా, లేదా అని. నాకూ తెలీదమ్మా. నేను బాత్‌రూంలో కుళాయి తిప్పుకుని ఏడ్చినాను. ఆ పొద్దే నీతో చెప్పి ఉండల్ల. ఇప్పుడు ఇద్దరం మాట్లాడుకుందామా?"

భువన తల ఎత్తలేదు. "అది అప్పుడు నాన్నా. ఇప్పుడు నాకేం డౌట్ లేదు" అని పేజీ తిప్పింది.

కమిటీవాళ్ళారా, చప్పట్లు కొట్టండి! ఒక్క సందేహం కూడా లేని విశ్వాసిని తయారు చేశాం. ఏ గేటు దగ్గరా ఆగని, ఎవరినీ విసిగించని, అవ్వ గురించి మాట్లాడని పిల్ల. రేపటి ఆదివారం కొత్త హాలు ప్రతిష్ఠ. ఆ పిల్ల చేతే వాక్యాలు చెప్పిస్తున్నాం.

నేను మాత్రం ఆ ఇంట్లో ఇచ్చిన కాఫీ అలాగే వదిలేసి వచ్చాను. దేవుడు విన్నాడా లేదా అని కోపంగా ఊరంతా అడుగుతూ తిరిగినన్నాళ్ళూ, ఆ పిల్ల దేవుడితోనే మాట్లాడుతోంది. ఆ మాట ఆపించింది మనమే. ఆపించి, పైగా ప్రైజు కూడా ఇచ్చాం.