మూడో పాటకు దరఖాస్తు

మంగళవారం ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు, దర్జీ తన సొంత క్యాసెట్‌లోని ఒక పాటను, తన ఇంట్లో, తన భార్య కోసం కాపీ చేసుకునేందుకు అనుమతి కోరుతూ దరఖాస్తు ఇచ్చాడు. సొంత వాడకపు నకళ్ళ విభాగం తెరిచి పదకొండేళ్ళయింది. అదే మొదటి దరఖాస్తు.

ఊళ్ళో మిగతావాళ్ళు ఆ విభాగాన్ని ఎన్నడూ ఇబ్బంది పెట్టలేదు. సినిమాలూ పాటలూ, తమవీ పరాయివీ, చేతికందినవి కాపీ చేసుకుంటూ పాలనకు సహకరిస్తున్నారు. దర్జీకి ఆ పాటి లోకజ్ఞానం లేదు. జానెడు గుడ్డ మిగిలినా మడతపెట్టి, తెచ్చినవాళ్ళకే ఇచ్చేసే మనిషి.

అతని భార్యకు రెండేళ్ళ కిందట పక్షవాతం వచ్చి మాట పడిపోయింది. దాహం వేస్తే గ్లాసు చూపిస్తుంది. కానీ ఆ క్యాసెట్‌లో మూడో పాట పెడితే మాత్రం, మాట పొల్లుపోకుండా వెంట పాడుతుంది. రోజూ వినిపించమనీ, పాట వెంట మాట రావచ్చనీ ఆస్పత్రిలో చెప్పారు. వినిపించాడు. టేపు అరిగింది. రెండో చరణం దగ్గర గాయని నీళ్ళలో మునిగి పాడుతున్నట్టు వినిపించసాగింది. ఇంకో క్యాసెట్ కోసం పది దుకాణాలు తిరిగాడు. దొరకలేదు.

"ఫోన్లోకి ఎక్కించుకుని ఊరుకో బావా. నిన్నెవడడగొచ్చాడు?" అన్నాడు బావమరిది.

"కవరు మీద రాసుందిరా, అనుమతి లేకుండా కాపీ చేయరాదని."

"దాన్ని చదివిన మొనగాడివి నువ్వొక్కడివే!"

దరఖాస్తు చూడగానే గుమాస్తా కుర్చీలోంచి లేచాడు. పరిశీలన నిమిత్తం అసలు క్యాసెట్ జమ చేయమన్నాడు. దర్జీ దాన్ని రుమాలులోంచి తీసి ఇచ్చి, రసీదు పుచ్చుకున్నాడు.

పరిశీలన సంఘంలో సభ్యులు ఐదుగురు. ఒక్క క్యాసెట్ ఏకకాలంలో ఐదు బల్లల మీద ఉండజాలదు కనుక ఐదు నకళ్ళు తీశారు. ఫైలుకు ఒకటి. సభ్యులు ఇంటివద్ద కూడా కేసును అధ్యయనం చేసే సదుద్దేశంతో ఫోన్లలోకి ఎక్కించుకున్నారు. పాట బాగుందని తెలిసి పక్క విభాగం వారూ అధ్యయనానికి ముందుకొచ్చారు. ఫైలు పోతే అక్కరకొస్తుందని ఏడో నకలు తీస్తుండగా టేపు తెగింది.

తరువాతి సోమవారం దర్జీని పిలిపించారు. ఎవరి కోసం కాపీ అడిగాడో ఆ వ్యక్తిని కూడా హాజరుపరచమన్నారు. భార్యను చెయ్యిపట్టి మూడంతస్తులు ఎక్కించాడు.

"పౌరుడంటే ఇలా ఉండాలి!" అన్నాడు విభాగాధిపతి, సిబ్బంది అందరినీ నిలబెట్టి. "అడగకుండా తీసుకునే ఈ రోజుల్లో, అడిగి తీసుకునేవాడు ఒక్కడున్నా చాలు, ఈ విభాగం మరో పదకొండేళ్ళు నిలుస్తుంది!"

చప్పట్లు కొట్టారు. గుమాస్తా ఉత్తర్వు చదివాడు. కాపీకి అర్హత అసలు క్యాసెట్ ఉన్నవారికే. దరఖాస్తుదారు వద్ద అసలు లేదు. తిరస్కరించడమైనది.

"మీ దగ్గరున్న నకలైనా ఇప్పించండి సార్," అన్నాడు దర్జీ.

"అది ఆఫీసు నకలయ్యా. నీకిస్తే కాపీ చేసినట్టవదూ?" అన్నాడు గుమాస్తా.

అప్పుడు గుమాస్తా బల్ల మీద, కాగితాల కింద ఫోన్ మోగింది. మూడో పాట.

దర్జీ భార్య తల తిప్పింది. పల్లవి అందుకుంది. గుమాస్తా కాగితాలు తోసి ఫోన్ బయటికి తీసేసరికి ఆమె చరణంలోకి వెళ్ళింది. దర్జీ గుమాస్తా మణికట్టు పట్టుకున్నాడు.

"ఎత్తకండి సార్, మీకు దణ్ణం పెడతాను. ఒక్క నిమిషం మోగనివ్వండి."

"ఎవరనుకున్నావయ్యా? పెద్దసారు!"

విభాగాధిపతి నాలుగడుగుల దూరంలో, తన గది గుమ్మంలో, ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడి ఉన్నాడు. గుమాస్తా ఎత్తాడు. పాట ఆగింది. ఆమె నోరు కాసేపు తెరిచే ఉంది.

పక్క విభాగం పని మీద వసారాలో క్యూ కట్టినవాళ్ళలో పద్నాలుగు మంది ఆమె పాడటాన్ని ఫోన్లలో తీసుకున్నారు. ఆ వీడియో మీకూ వచ్చే ఉంటుంది. మీరూ నలుగురికి పంపే ఉంటారు. ఆ విషయమై ఎవరికీ నోటీసు రాలేదు.

గురువారం ఒక్క నోటీసు మాత్రం వెళ్ళింది, దర్జీ భార్య పేరిట. కార్యాలయ ఆవరణలో, బహిరంగంగా, అనుమతి లేకుండా పాట పాడినందుకు సంజాయిషీ ఇవ్వాలి. గడువు పదిహేను రోజులు. రాతపూర్వకంగా ఇచ్చినా, ఆమె తరఫున ఇతరులు చెప్పినా చెల్లదు. స్వయంగా వచ్చి, నోటిమాటగా చెప్పాలి.