గుండీల పాఠం

పుస్తకంలో పాతిక పేజీలను ఎవరూ తెరవకుండా చేయడానికి లోకంలో ఎన్ని మార్గాలున్నాయో గాని, టైలరన్నవాడికి తోచేది ఒకటే. కుట్టేయడం.

మన టైలరు ఆ పనే చేశాడు. పెళ్ళాం స్నానానికి వెళ్ళి వచ్చేలోగా ఆవిడ జీవశాస్త్రం పుస్తకాన్ని మిషను మీద పెట్టి, 'వంశపారంపర్యం' అనే పాఠాన్ని మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా జీన్సు ప్యాంట్లకు వాడే దారంతో అంచు వెంబడి బిగించేశాడు. రెండు సూదులు విరిగాయి. మూడోది వంగింది. ముప్పై ఏళ్ళలో ఇంత తిన్నని కుట్టు ఎప్పుడూ పడలేదని చూసుకుని కాస్త మురిసిపోయాడు కూడా.

ఈయనకు వీధిలో ఒక పేరుంది. గుడ్డలోపం. ఎవరైనా చొక్కా పట్టుకొచ్చి, భుజం ఎగిసిపోయిందేమిటయ్యా అంటే, కళ్ళద్దాలు ముక్కు మీదికి జార్చి, గుడ్డను వేళ్ళ మధ్య నలిపి, "కత్తిరింపులో ఏమీ లేదండీ. గుడ్డలోనే ఉంది లోపం" అనేవాడు. ఒకసారి ఒక గుమాస్తా కోటుకు కుడి చేయి ఎడమవైపు, ఎడమ చేయి కుడివైపు అతికించి కూడా అదే మాట అన్నాడు. గుమాస్తా నమ్మాడు. మనిషి నిదానంగా, కళ్ళలోకి చూస్తూ చెబితే జనం ఏదైనా నమ్ముతారు. ఆ సంగతి గుడ్డలోపానికి ఎనిమిదో తరగతిలో బడి మానేసినప్పటి నుంచీ తెలుసు.

పెళ్ళానికి నలభై మూడేళ్ళు. కొట్లో కాజాలు కుట్టడం, గుండీలు వేయడం ఆవిడ పని. ఇన్నేళ్ళు లేనిది, ఈ మధ్యే ఉత్తరాల మీద చదివే పన్నెండో తరగతిలో చేరింది. లెక్కలు వద్దంది. చరిత్ర వద్దంది. జీవశాస్త్రమే కావాలంది. పుస్తకానికి అట్ట వేస్తూ విషయసూచిక చూసిన రోజే గుడ్డలోపం గుండెల్లో రాయి పడింది.

తల తుడుచుకుంటూ వచ్చి కూర్చుని ఆవిడ పుస్తకం తెరిచింది. తెరుచుకోలేదు.

"ఏవండీ, ఈ పుస్తకం బైండు చేసినవాడెవడో గాని అచ్చం మీ కుట్టే కుట్టాడు."

"బైండింగువాళ్ళకీ నాకూ ఏమిటి సంబంధం?"

"అదే నేనూ అనుకుంటున్నాను. చివర ముడి కూడా మీలాగే రెండుసార్లు వేశాడు."

"మంచి పనివాళ్ళెవరైనా రెండుసార్లే వేస్తారు."

"సూదిముక్క కూడా లోపలే వదిలేశాడు."

"కాగితంలో లోపమై ఉంటుంది" అన్నాడు గుడ్డలోపం, అలవాటు కొద్దీ.

ఆవిడ మిషను సొరుగులోంచి కుట్లు విప్పే కొక్కెం తీసి, ఒక్కో కుట్టూ నెమ్మదిగా తెంపడం మొదలుపెట్టింది. పాతిక పేజీలు. మధ్యాహ్నం దాకా పట్టింది. ఆ చప్పుడు వింటూ అతను ఒక చొక్కాకు రెండు కాలర్లు కుట్టాడు.

భయం దేనికో చెప్పాలి. పదహారేళ్ళ కిందట వాళ్ళకొక ఆడపిల్ల పోయింది. నాలుగేళ్ళ పిల్ల. ఒంట్లో రక్తం నిలవని జబ్బు. ఆసుపత్రి వరండాలో డాక్టరు అతన్ని పక్కకు పిలిచి, అతని జేబులోని కొలతల చీటీ వెనక నాలుగు గళ్ళు గీసి చెప్పాడు. ఇది ఒకరి నుంచి వచ్చేది కాదు. ఒక్కరి నుంచే వస్తే పిల్లకు ఏమీ అయ్యేది కాదు. నీ నుంచి సగం, ఆమె నుంచి సగం.

అర్థమైంది. గుడ్డ కొలిచేవాడికి సగం అంటే అర్థం కాదా.

లోపలికి వచ్చేసరికి బల్ల మీద అత్తగారు కూర్చుని ఉంది. ఏమన్నాడు బాబూ డాక్టరు, అంది. పక్కన పెళ్ళాం నిలబడి ఉంది. అతను నిదానంగా, కళ్ళలోకి చూస్తూ చెప్పాడు. "మీ వైపు రక్తంలోనే ఉందట."

ఆ తరవాత అత్తగారు వాళ్ళ గడప తొక్కలేదు, అతనూ ఆమె గడప తొక్కలేదు. పసిపిల్లలు కనిపిస్తే ముట్టుకోవడం మానేసింది. పెళ్ళాం ఇంకో బిడ్డ మాట ఎత్తలేదు. గుడ్డలోపం మిషను ముందు కూర్చుని కుట్టుకుంటూ పోయాడు. మాట వెనక్కి తీసుకోవడానికి రేపు ఉందిలే అనుకున్నాడు. అలాంటి రేపులు పదహారేళ్ళకు ఎన్నో ఆ డాక్టరునే అడగాలి.

కుట్టు పారలేదు కనక రెండో ఎత్తు వేశాడు. గోడ మీద టైంటేబులు వేయడానికి దిగాడు. "నీకు చదివే పద్ధతి లేదు. నేను వేస్తాను" అన్నాడు. సుద్దముక్కతో, స్కేలుతో, చొక్కా కొలతలంత శ్రద్ధగా వేశాడు. ఆకులకు పది రోజులు, వేళ్ళకు పది రోజులు, కప్పకు పదిహేను రోజులు. వంశపారంపర్యం చిట్టచివర, పరీక్ష అయిన మర్నాడు.

ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "కప్పకు పదిహేను రోజులా?"

"కప్ప చాలా క్లిష్టమైన జీవి."

"ఇంట్లో ఉన్న దానికంటేనా?" అని, సుద్దముక్క తీసుకుని ఆఖరి పాఠాన్ని కొట్టేసి మొట్టమొదట రాసింది.

అక్కడితో ఆగలేదు. మౌనంగా చదివితే నిలవడం లేదని, కొంచెం కొంచెం చదివి ఎవరికైనా అప్పజెప్పాలని, లేదా ఎవరైనా చదివి తనకు చెప్పాలని నియమం పెట్టింది. ఎవరైనా అంటే ఇంట్లో ఉన్నది ఒక్కడే. రోజూ పొద్దున కొట్టు తెరవక ముందు ఒక పేజీ అతను పైకి చదవాలి. ఆవిడ పుస్తకం మూసి, "ఇప్పుడు మీ మాటల్లో చెప్పండి" అంటుంది.

"పరీక్ష నీకా నాకా?"

"చెప్పేవాడికి వస్తేనే వినేవాడికి వస్తుందట. మళ్ళీ చెప్పండి."

గుడ్డలోపం తడుముకుంటూ చెప్పేవాడు. కావాలని తప్పులు చెప్పాడు. ఆవిడ మళ్ళీ చదివించింది. పేజీ ఎగరేశాడు. వెనక్కి తిప్పించింది. గొంతు పోయిందన్నాడు. వేణ్ణీళ్ళు ఇచ్చి చదివించింది. పన్నెండో రోజుకు గిరాకీలు కొలతలిస్తుంటే, ఈయన ముక్కు వాళ్ళ నాన్నదా అమ్మదా అని చూడటం మొదలుపెట్టాడు. ఎంత వద్దనుకున్నా చదువు లోపలికి దిగిపోతోంది. చిన్నప్పుడు బెత్తం పట్టుకుని చెప్పినా దిగనిది.

నాలుగు గళ్ళ బొమ్మ ఉన్న పేజీ రానే వచ్చింది. అతను బొమ్మ చూసి పుస్తకం మూశాడు.

"అర్థం కావడం లేదు."

"అయితే చేసి చూద్దాం" అని ఆవిడ రెండు గుండీల డబ్బాలు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఒక్కోదాంట్లో ఒక తెల్లది, ఒక నల్లది. "ఇది మీది. ఇది నాది. నలుపంటే లోపం. పక్కన తెల్లది పడితే నలుపు కప్పబడిపోతుంది. కళ్ళు మూసుకుని రెండిట్లోంచీ చెరొకటి తీయండి."

తీశాడు. రెండూ తెలుపు. మళ్ళీ వేసి తీశాడు. ఒకటి తెలుపు, ఒకటి నలుపు. మళ్ళీ తీశాడు. అలాగే వచ్చింది. కాస్త ఊపిరి పీల్చుకున్నాడు. నాలుగోసారి కళ్ళు తెరిచేసరికి అరచేతిలో రెండూ నల్లవే. పిల్ల కళ్ళలా ఉన్నాయి. చెయ్యి మూయలేకపోయాడు.

"ఇప్పుడు ప్రశ్న" అంది ఆవిడ. "రెండూ నల్లవి రావాలంటే ఎవరి డబ్బాలో ఉండాలి?"

బయట ఎవరో కొట్టు తలుపు తట్టారు. ఇద్దరూ కదల్లేదు.

"రెండిట్లోనూ" అన్నాడు.

"మీ మాటల్లో చెప్పండి."

"ఆ రోజే డాక్టరు చెప్పాడే. నాదీ ఉందని చెప్పాడు. నేనే..."

ఆవిడ పుస్తకంలోంచి మడతలు నలిగిన చీటీ ఒకటి తీసింది. ఒకవైపు నాలుగు గళ్ళు. రెండోవైపు అతని చేతిరాతలో ఎవరిదో ఛాతీ ముప్పై ఎనిమిది, నడుం ముప్పై నాలుగు.

"మీ పాత కొలతల పుస్తకంలో దొరికింది, ఏడాది కిందట. ఈ గళ్ళేమిటో తెలుసుకుందామనే చదువులో చేరాను. వారంలో తెలిసింది."

"వారంలోనా? మరి నన్నెందుకే ఇన్నాళ్ళు చదివించావు?"

"మొదట్లో, ఎనిమిదో తరగతి మనిషి, డాక్టరు మాట సరిగ్గా అర్థమై ఉండదులే అనుకున్నానండీ. అలా అనుకుంటే కొంచెం బాగుండేది. మీరు పేజీలు కుట్టేసిన రోజున తెలిసింది, అర్థమయ్యే అబద్ధం చెప్పారని."

గుడ్డలోపం తలదించుకుని తన జీవితంలోకెల్లా తిన్నని కుట్టు గురించి ఆలోచించాడు.

"పరీక్షలో ఇది వస్తే ఇప్పుడు నువ్వు బాగా రాస్తావు" అన్నాడు, ఏదో ఒకటి అనాలి కనక.

"ఈ పాఠం ఈ ఏడు పరీక్షలోనే లేదు. సిలబస్‌లోంచి తీసేశారు."

"మరి?"

"మా అమ్మకు చెప్పాలి. నేను చెబితే కూతురు ఓదారుస్తోందనుకుంటుంది. మీరు చెబితే నమ్ముతుంది. మీ మాట మీద మా అమ్మకు మొదటినుంచీ నమ్మకం."

ఆ సాయంత్రం గుడ్డలోపం రెండు డబ్బాలూ సంచిలో వేసుకుని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, హాలుటికెట్టు మరిచిపోయిన కుర్రాడిలా పెళ్ళాం వెనక నడిచాడు. దారంతా పాఠం లోలోపల వల్లె వేసుకున్నాడు. తెలుపు, నలుపు, సగం, సగం.

అత్తగారు కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. అడుగుల చప్పుడుకు ముఖం తిప్పింది. అతను ఎదురుగా స్టూలు లాక్కుని, డబ్బాలు తెరిచి, మొదటి నుంచి చెప్పాడు. ఒక్క పేజీ ఎగరేయలేదు. చివరికి రెండు నల్ల గుండీలు తీసి ఆమె చేతిలో పెట్టాడు.

"చూడండి అత్తయ్యా. ఒకటి నా డబ్బాలోది. ఒకటి మీ అమ్మాయిది. మీ ఒక్కరిదీ కాదు. ఎప్పుడూ కాదు."

ముసలావిడ గుండీలను బొటనవేలితో చాలాసేపు తడిమింది.

"నాకు చూపు పోయి మూడేళ్ళయింది బాబూ" అంది. "ఇవి నల్లవో తెల్లవో నాకేం తెలుస్తుంది. నువ్వు చెప్పిందే నమ్మాలి."

గుండీలు పిడికిట్లోనే ఉంచుకుని అంది.

"అప్పుడూ నువ్వు చెప్పిందే నమ్మాను."

గుడ్డలోపం నోరు తెరిచాడు. ముప్పై ఏళ్ళుగా నాలుక చివరే ఉండే మాట ఆ ఒక్కసారి రాలేదు. పెళ్ళాం వైపు చూశాడు, జవాబు అందిస్తుందేమోనని. ఆవిడ కిటికీలోంచి బయటకు చూస్తోంది. పరీక్షలో పక్కవాళ్ళను అడగకూడదు.