పదో తరగతిలో చెక్కగోడ

ఆ ఉదయం హెడ్మాస్టరు గారి పథకం చాలా చిన్నది. పదింటికల్లా పదో తరగతి గది మధ్యన చెక్కగోడ లేస్తుంది. పదకొండింటికి స్కూలు కమిటీ అధ్యక్షులు వచ్చి చూసి మెచ్చుకుంటారు. నెలాఖరుకు రిటైరవ్వాల్సిన తనకు ఇంకో రెండేళ్లు పొడిగింపు ఇస్తారు. లెక్కల్లో మార్కులు రాకపోవడానికి ఆడపిల్లలూ మగపిల్లలూ ఒకే గదిలో కూర్చోవడమే కారణమని ఆయన కమిటీకి ఎనిమిది పేజీల ఉత్తరం రాసి ఉన్నారు మరి.

"మగపిల్లలు బోర్డు చూడరు, పక్కకి చూస్తారు," అన్నారు కాఫీ తాగుతూ భార్యతో.

ఆవిడ ఆ స్కూల్లోనే లెక్కల టీచరు. "పాఠం చెప్పేది నేనండీ. ఎవరెటు చూస్తున్నారో నాకు తెలీదా?"

"నువ్వూరుకో."

ఆవిడ ఊరుకుంది. ఆవిడ ఊరుకుంటే ఎంత ప్రమాదమో ముప్పయ్యేళ్ల కాపురంలో ఆయనకు తెలిసిరాలేదు.

వడ్రంగి టేపు పెట్టి కొలిచి తల గోక్కున్నాడు. "గోడ ఇక్కడ కడితే బోర్డు అటు, తలుపు ఇటు పడతాయి సార్. పర్లేదా?"

"భేషుగ్గా ఉంది! బోర్డు రాసుకునే ఆడపిల్లలకి, తలుపు బయటికి పరిగెత్తే మగపిల్లలకి."

లెక్కల టీచరు ఆడపిల్లల్ని అటువైపు కూర్చోబెట్టి పాఠం మొదలుపెట్టింది. వడ్రంగి చివరి పలక బిగించి, ఇంకో పని ఉందంటూ చక్కా పోయాడు.

"టీచర్, మాకు బోర్డు లేదు!" మగపిల్లలు గోల పెట్టారు. ఆడపిల్లలకు జాలేసింది. ఒక్కొక్క లెక్కా కాగితం మీద దించి, ఉండచుట్టి, గోడ మీంచి విసరసాగారు. సరిగ్గా అప్పుడే అధ్యక్షులు లోపల అడుగుపెట్టారు. ఒక ఉండ వచ్చి ఆయన కళ్లజోడుకు తగిలింది.

"చూశారా? ప్రేమలేఖలు!" హెడ్మాస్టరు గారు ఎగిరి గంతేశారు. "గోడ కట్టినా ఆగట్లేదు. వేరే స్కూలే పెట్టాలండీ!"

"చదవండి," అన్నారు అధ్యక్షులు.

మొదటి దాంట్లో వర్గ సమీకరణం ఉంది. రెండో దాంట్లో 'నాలుగో లెక్కలో మైనస్ మర్చిపోకండి' అని ఉంది. మూడో దాని మీద దస్తూరీ హెడ్మాస్టరు గారికి బాగా తెలిసిందే. 'ఏమండీ, మాకు తలుపు లేదు.'

ఫోను చేస్తే వడ్రంగి సాయంత్రం దాకా రాలేనన్నాడు. "మేం లాగుతాం, మీరు తొయ్యండే!" అని మగపిల్లలు కేకేశారు. రెండు నిమిషాల్లో గోడ ఊడొచ్చింది. అధ్యక్షులు వెనక బెంచీ కుర్రాణ్ణి లేపి, నాలుగో లెక్క బోర్డు మీద చెయ్యమన్నారు. ఏడాదంతా లెక్కలంటే దడుచుకున్న ఆ కుర్రాడు మైనస్‌తో సహా చేసేశాడు. టీచరు మొహం వెలిగిపోయింది.

అధ్యక్షులు జేబులోంచి పొడిగింపు కాగితం తీశారు. హెడ్మాస్టరు గారు చెయ్యి చాచారు.

"ఎనిమిది పేజీలు రాసి అలిసిపోయుంటారు, విశ్రాంతి తీసుకోండి," అంటూ ఆయన పేరు కొట్టేసి, హెడ్మాస్టరు పదవికి లెక్కల టీచరు పేరు రాశారు.

ఇప్పుడు ఆ స్కూల్లో పిల్లలందరూ కలిసే చదువుకుంటున్నారు. విడిగా ఉంటున్నది పాత హెడ్మాస్టరు గారొక్కరే, ఇంట్లో.