అంజినప్ప తొడిగిన జాకెట్టు

చందాపురలో లావుపాటి ఆడవాళ్లకు మొహం చిట్లించకుండా కొలతలు తీసి జాకెట్లు కుట్టేది సత్యభామ ఒక్కతే. ఆమె కూడా నిండైన మనిషే. ఆ ఉదయం కొత్తగా కుట్టిన పసుపు జాకెట్టు తానే తొడుక్కుని, పైన పట్టుచీర ఒళ్లంతా కప్పుకుని, కోడలు అనూషతో ఫోటో తీయించి ఫోన్ యాప్‌లో ఉన్న తన పేజీలో పెట్టించింది. శ్రావణమాసం ఆర్డర్లకు ఆ పేజీయే ఆధారం.

టీ తాగేలోగా ఫోటో మాయమైంది. అది అశ్లీలమట. ఇంకోసారి పెడితే పేజీయే మూసేస్తామని నోటీసు వచ్చింది.

అనూష అదే జాకెట్టును వెనక పిన్నులతో బిగించుకుని, అదే చీర కట్టి, తన పేజీలో ఫోటో పెట్టి చూసింది. దాని జోలికి ఎవరూ రాలేదు.

"అదే గుడ్డ, అదే మెడ. ఒళ్లు ఎక్కువైతే బట్ట తక్కువైనట్టా?" అంది సత్యభామ.

"అప్పీల్ కూడా పెట్టినా అత్తా. చూస్తుండంగానే రిజెక్ట్ చేసేసినారు."

ఈ సంగతంతా అనూష మెట్ల మీద నిలబడి వాళ్లమ్మకు ఫోన్లో చెప్పింది. కింద ఉండే ఇంటి ఓనరు మునినారాయణప్ప చెవిన 'అత్త', 'ఫోటో', 'అశ్లీలం' అన్న మాటలే పడ్డాయి. ఆయన చొక్కా తొడుక్కుని పైకొచ్చాడు. ఆయన వెనక భార్య, ఆమె వెనక పక్కిళ్ల ఆడవాళ్లు.

"ఏమప్పా అంజినప్పా, సంసారులుండే ఇల్లు ఇది. ఆ ఫోటో ఏదో చూపించు," అన్నాడు సత్యభామ భర్తతో.

అంజినప్ప ఫోన్ అందించాడు. మునినారాయణప్ప కళ్లజోడు సవరించుకుని, ఫోటోను పెద్దది చేసి, చిన్నది చేసి చూశాడు.

"దీంట్లో ఏముండాది?" అన్నాడు కాస్త నిరాశగా.

అంతమందిలో సత్యభామ కళ్లు తుడుచుకోవడం చూసి అంజినప్పకు ఉండబట్టలేదు. "ఆ జాకెట్టు ఇట్ల ఇయ్యి, నేను తొడుక్కుంటా. నన్నేమంటారో చూస్తాం."

"పేజీ పోతాదేమో మామా," అంది అనూష.

"పోతే పోనీ, తియ్యి," అంది సత్యభామ.

కింద లుంగీ, పైన పసుపు జాకెట్టు, రెంటికీ మధ్య అడ్డూ ఆపూ లేని పొట్ట. 'అన్ని సైజులూ కుట్టబడును' అని రాసి ఆ ఫోటో పెట్టారు. అందులో యాప్‌కు ఏ తప్పూ కనబడలేదు. సాయంత్రానికది బొమ్మసంద్ర నుంచి మహదేవపుర దాకా ఫోన్లన్నీ తిరిగింది. ఆయనకే పట్టిందంటే తమకూ పడుతుందని ఆడవాళ్లు వరసగా ఆర్డర్లిచ్చారు. మొదటి కొలతలు ఓనరు భార్యవే.

సత్యభామ హుషారుగా టేపు పట్టుకుని తిరుగుతుంటే, అంజినప్ప ఓ మూల కూర్చుని కామెంట్లు చదువుకున్నాడు. 'జాకెట్ సూపర్. మోడల్ కొంచెం ఒళ్లు తగ్గాల' అని ఎవరో రాశారు.

ఆ పూట భోజనంలో అంజినప్ప రెండో సంగటి ముద్ద వద్దన్నాడు.