నల్లకోటల పుస్తకానికి నాణ్యత పరీక్ష

ఆటలు ఆడేవాళ్ళంటే నాకు మొదటినుంచీ చులకన. ఆడటంలో ఏముంది చెప్పండి? చిన్నపిల్లలు ఆడతారు, కుక్కపిల్లలు ఆడతాయి, పనీపాటా లేకపోతే క్లబ్బుల్లో పెద్దమనుషులూ ఆడతారు. అసలు ఆట జోలికే పోకుండా, ఆట పుస్తకం మంచిదా చెడ్డదా అని ఏళ్ళ తరబడి వాదించుకోవడం ఉంది చూశారూ, అదీ నాగరికత!

ఈ నాగరికత బెంగళూరులోనో హైదరాబాదులోనో వర్ధిల్లిందనుకుంటే మీరు పప్పులో కాలేసినట్టే. అది రెండువేల మూడు, నాలుగు సంవత్సరాల్లో మా పెనుకొండలో, బస్టాండు వెనక ఒక మేడగదిలో, ప్రతి ఆదివారం వర్ధిల్లింది.

ముందు ఆ ఆటేమిటో చెప్పాలి. దానికి బోర్డు ఉండదు, పేకముక్కలు ఉండవు. నలుగురు కూర్చుంటారు. ఒకడు కథ చెబుతాడు. మీరు అడవిలో ఉన్నారు, ఎదురుగా వాగు పొంగుతోంది, ఏం చేస్తారు అని అడుగుతాడు. మిగతావాళ్ళు తలా ఒక వీరుడో మంత్రగత్తెయో అయిపోయి, ఈదుతామనో పడవ వెతుకుతామనో చెబుతారు. ఈదారో మునిగారో పాచికలు తేలుస్తాయి. ఆ అడవి ఏ దేశంలోది, ఆ దేశానికి రాజెవరు, అక్కడి సంతలో ఏమమ్ముతారు, అక్కడి దేవతకు ఏం బలిస్తారు, ఇవన్నీ రాసిపెట్టిన లావుపాటి పుస్తకాలు ఫారిన్‌లో అచ్చవుతాయి. వాటిని సెట్టింగ్ పుస్తకాలంటారు. కథ చెప్పేవాడికి అదీ సరంజామా.

ఇంత లావు పుస్తకం చేతిలో ఉండగా మళ్ళీ ఆడటం కూడా ఎందుకు? మీకు ఈ ప్రశ్న వెంటనే తోచి ఉంటుంది. తోచనివాడు ఒక్కడే, సునీల్.

సునీల్ ధర్మవరంలో మగ్గాలింట్లో పుట్టినవాడు. హిందూపురంలో ఒక స్పిన్నింగ్ మిల్లు ఆఫీసులో కంప్యూటర్ ముందు కూర్చునేవాడు. నోట్లో నాలుక లేని మనిషి. ఇంట్లో ఏదైనా చెప్పబోతే మగ్గం చప్పుడులో కలిసిపోయేది. ఆఫీసులో చెప్పబోతే ముందు బిల్లు కొట్టమనేవారు. పెళ్ళి పంక్తిలో పక్కవాడికి ఒక సంగతి మొదలుపెడితే, సగంలో ఉండగానే సాంబారు బకెట్టు వచ్చేది. పక్కవాడు సాంబారు వైపు తిరిగేవాడు, మళ్ళీ ఇటు తిరిగేవాడు కాదు.

అలాంటివాడికి ఎవరో బెంగళూరు స్నేహితుడి ద్వారా ఈ ఆట సంగతి తెలిసింది. ఒకడు చెబుతాడట, ముగ్గురు వింటారట! విని ఊరుకోరట, "ఆ మింద ఏమాయ?" అని అడుగుతారట! అలా అడగడమే ఆటట! సునీల్‌కు ఇంకేమీ అక్కర్లేకపోయింది. జీవితంలో ఒక్క మధ్యాహ్నం తను చెప్పాలి, ముగ్గురు వినాలి, అంతే కోరిక. ఎంత అల్పమైన కోరికో చూడండి. నాణ్యత అన్న మాటకు అందులో చోటుందా?

చోటు లేదు గనకే ఆ పిల్లవాణ్ణి దేవుడు మా మేడగది సంఘం చేతిలో పెట్టాడు.

సంఘంలో సునీల్ కాక ముగ్గురు. మొదటివాడు దుర్గాప్రసాద్, ధర్మవరంలో పట్టుచీరల అంగడి వాళ్ళ అబ్బాయి. రెండోవారు సాల్మన్ సార్, పెనుకొండ హైస్కూల్లో సోషల్ చెప్పేవారు. ఆ మేడగది ఆయనదే. మూడో మనిషి సుచిత్ర, హిందూపురంలో ఇంటర్నెట్ సెంటర్ నడిపేది. ఫారిన్‌లో ఈ పుస్తకాల మీద జనం ఎలా కొట్టుకుంటున్నారో ప్రింట్లు తీసి తెచ్చేది. ఏ పుస్తకాన్ని ఎవరు ఏమని తిట్టారో ఆమెకు నోటికొచ్చు. ఆ పుస్తకాలు చూడలేదు గానీ తిట్లన్నీ చదివింది. పుస్తకం చూస్తే అభిప్రాయం పాడవుతుందని నా నమ్మకం కూడా.

సంఘం దగ్గరున్న పుస్తకం ఒక్కటే. నల్లకోటల దేశమని పేరు. అసలు పుస్తకం కూడా కాదు, జెరాక్సు. సాల్మన్ సార్ ఎవరో ఇంజనీరు దగ్గర అరువు తెచ్చి, హిందూపురం రిజిస్ట్రారాఫీసు ఎదుట ఈరప్ప అంగట్లో కాపీ తీయించారు. ఆ కాగితాల కట్ట ముందు పెట్టుకుని ముగ్గురూ రెండేళ్ళు వాదించారు. సునీల్ టీ తెచ్చేవాడు. పాచికలు జేబులోనే ఉండేవి. ఎప్పుడైనా ధైర్యం చేసి ఆడదామా అంటే దుర్గాప్రసాద్ భుజం తట్టేవాడు.

"ఫస్టు క్వాలిటీ తేలనీప్పా సునీలూ. ఆడేదేముండాది, యాపొద్దయినా ఆడొచ్చు."

దుర్గాప్రసాద్ నాణ్యత తేల్చే పద్ధతి చూసి తీరాలి. పుస్తకం ఇస్తే చదవడు. కాగితాన్ని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలుపుతాడు. వెలుతురుకు ఎత్తి చూస్తాడు. ఆ తర్వాత తిరగేస్తాడు. అంగట్లో చీరను చూసేది అలాగే కదా! ముందువైపు ఎవడైనా అందంగా నేస్తాడు, నేతగాడి పనితనం వెనక తట్టున తెలుస్తుంది. పోగులు వేలాడుతూ ఉంటే ఆ చీర అటకెక్కాల్సిందే. నల్లకోటల కట్టలో ప్రతి కాగితాన్నీ దుర్గాప్రసాద్ తిరగేసి చూశాడు. వెనక ఏమీ లేదు, తెల్లగా మెరిసిపోతోంది.

"ఒక్క మచ్చ ల్యా. ఇట్లా పనితనం నేను యాడా చూల్లేదు," అని తేల్చాడు.

అక్కడితో కాగితం సంగతి తీరి, రచన సంగతికొచ్చారు. ఆ రచనలో ఒక విశేషముంది. ప్రతి పేజీ చివర వాక్యం సగంలో ఆగిపోతుంది. తర్వాతి పేజీలో ఇంకేదో మొదలవుతుంది. ఒక పేజీ అడుగున రాజు విషం గిన్నె పెదాలకు ఆనించుకుంటాడు, తర్వాతి పేజీలో ఉప్పు ధరల పట్టిక ఉంటుంది. రాజు ఉన్నాడా పోయాడా? రచయిత చెప్పడు! చదివేవాడి ఊహకు వదిలేశాడని సుచిత్ర పొంగిపోయింది. సాల్మన్ సార్ అయితే మ్యాపు దగ్గరే కూలబడ్డారు. అందులో ఒక నది పల్లం నుంచి మిట్టకు పారుతోంది. ఇది రచయిత అజ్ఞానమా, ఏదైనా దేవత మహిమా అని ఆయన పెద్ద వ్యాసం రాస్తే, సుచిత్ర దాన్ని ఇంటర్నెట్టులో పెట్టింది. మరో దేశం నుంచి ఎవరో ఆయన్ని మూర్ఖుడన్నారు. సార్ ఆ తిట్టున్న ప్రింటును ఫ్రేము కట్టించి గోడకు తగిలించుకున్నారు.

పేజీ అంకెల మాటేమిటంటారా? ఒకటి తర్వాత మూడు, మూడు తర్వాత అయిదు. చూడకేం, చూశారు. మనవాళ్ళు ముగ్గురు కలిసి ప్రయాణం పోనట్టే ఆ దేశాల్లో సరిసంఖ్య అచ్చిరాదేమోనని దుర్గాప్రసాద్ అన్నాడు. అందరూ ఔనన్నారు. వాళ్ళు ఇలా నల్లకోటల గురించి గొంతులు చించుకుంటుంటే కిటికీలోంచి పెనుకొండ కొండా, కోటా నిక్షేపంగా కనిపించేవి. ఎండ పడుతోందని ఆ రెక్క మూసేసేవాళ్ళు.

ఇలా సంఘం సుఖంగా సాగుతుండగా సునీల్ కొంప ముంచాడు. ఏదో పని మీద బెంగళూరు వెళ్ళి, ఫుట్‌పాత్ మీద పాత పుస్తకాల గుట్టలో నల్లకోటల దేశం అసలు ప్రతి చూశాడు. అట్ట చిరిగింది గానీ లోపల అన్నీ ఉన్నాయి. అన్నీ అంటే సరిసంఖ్య పేజీలు కూడా!

సునీల్ అక్కడే గుట్ట పక్కన కూర్చుని, విషం గిన్నె పేజీ తిప్పాడు. రాజు తాగలేదు, కుక్కకు పోశాడు. మిట్టకు పారే నది సంగతి కూడా ఉంది. అది నది కాదు, ఏనుగుల చేత నీళ్ళు తోడించి మిట్టకు ఎక్కించే కాలవ. జెరాక్సులో ఆ పేజీలెందుకు లేవో బోధపడటానికి, పుస్తకం కొనుక్కుని హిందూపురం చేరేదాకా పట్టింది. రిజిస్ట్రారాఫీసు ఎదుట ఈరప్ప జన్మంతా తీసినవి స్టాంపు కాగితాల కాపీలు. వాటికి రాత ముందువైపే ఉంటుంది. ఆ అలవాటులోనే ఈ పుస్తకంలోనూ కుడిచేతి పేజీ తీసి, తిప్పి, మళ్ళీ కుడిచేతి పేజీ తీశాడు. ఆయన్ని తప్పు పట్టడానికి నాకు నోరు రావడం లేదు. పుస్తకం చదువుకోవడానికి కాపీ తీయిస్తారని ఆయనకెవరు చెప్పారు?

సునీల్‌కు ఆ వారం కాలు నేల మీద నిలవలేదు. సందేహాలన్నీ తీరిపోయాయి, వాదించడానికి ఇక ఏమీ మిగల్లేదు, ఆదివారం ఆడటమే తరువాయి అనుకున్నాడు. పిచ్చి నాయన! రోజూ రైల్లో నిలబడి ఆ పుస్తకమంతా చదివాడు. అందులో ఒక పాడుబడ్డ కోట దగ్గర తన కథ మొదలుపెట్టాలని నిశ్చయించుకున్నాడు. పుస్తకంలో లేని ఒక మనిషిని ఆ కోట లోపల సొంతంగా పెట్టుకున్నాడు. ఆ మనిషి ఎవరో, ఎందుకు ఒంటరిగా తిరుగుతోందో అంతా మనసులో కట్టుకున్నాడు. ఆ మనిషి కథ తలుచుకుంటే తనకే కళ్ళు చెమర్చేవి.

ఆదివారం పుస్తకం బయట పెట్టి జరిగింది చెప్పాడు. ముగ్గురి మొహాలూ మాడిపోయాయి. దుర్గాప్రసాద్ పుస్తకం అందుకుని, ఒక కాగితం నలిపి, తిరగేసి, పక్కన పెట్టేశాడు.

"రెండు తట్లా నింపేసినాడు. గాలాడే జాగా ల్యా," అన్నాడు.

సుచిత్ర ఒక పేజీ చూసి, రాజు విషం తాగలేదని తెలిశాక ఇక రచనలో లోతేముందని అంది. సరిసంఖ్య పేజీలన్నీ లావు కోసం చేర్చినవేనని ఆమె అభిప్రాయం. సాల్మన్ సార్ ఏనుగుల కాలవ దగ్గర ఆగిపోయారు. గోడ మీది ఫ్రేము వైపు చూశారు. ఇలాంటి సంజాయిషీలు తర్వాత చేర్చి ఉంటారనీ, మొదటి రచనలో అది నదే అయ్యుంటుందనీ మెల్లగా అన్నారు. సంఘం ఏకగ్రీవంగా తీర్మానించింది. సగం పుస్తకమే మేలైనది. పూర్తి పుస్తకంలో నాణ్యత లేదు!

ఇలాంటి తీర్పు ఇవ్వడానికి ఎంత చదువు కావాలి? ఆడేవాళ్ళ వల్ల అవుతుందా?

అప్పుడు సునీల్ రెండేళ్ళలో మొదటిసారి గట్టిగా మాట్లాడాడు.

"క్వాలిటీ ల్యాకపోతే పోనీన్నా. సార్, అక్కా, ఈ ఒక్క పొద్దు ఆడదాం. రైలుకు ఇంగా టైముండాది."

పాపమనుకున్నారో, టీ మానేస్తాడనుకున్నారో, ముగ్గురూ సరేనన్నారు. సునీల్ పాచికలు తీసి చాప మీద పెట్టాడు. గొంతు సవరించుకున్నాడు. ముగ్గురూ అతని వైపే చూస్తున్నారు. మగ్గం చప్పుడు లేదు, సాంబారు బకెట్టు లేదు.

"మీరు ముగ్గురూ కోట వాకిట్లో నిలబడుండారు. పొద్దు గుంకుతాండాది. తలుపు మూసుండాది. లోపల ఎవురో నడుస్తాండే చప్పుడు వినబడతాండాది. ఏం చేస్తారు?"

ముగ్గురూ కొంచెం ముందుకు జరిగారు. ఆ క్షణమే సునీల్ జీవితంలో పండగ.

"తలుపు ఏం కట్టెది?" అన్నాడు దుర్గాప్రసాద్.

టేకనుకోమన్నాడు సునీల్. పుస్తకంలో ఉందా అంటే లేదన్నాడు. మరి నువ్వెలా చెబుతున్నావన్నారు. సాల్మన్ సార్ మ్యాపు విప్పి, అక్కడ పడే వానకు టేకు పెరగదని చూపించారు. సుచిత్ర సంచిలోంచి ప్రింట్లు తీసింది. నల్లకోటల తలుపులన్నీ ఇనుపవని ఎవరో అన్నారట, వాణ్ణి ఇంకెవరో ఏకిపారేశారట. ఇనుమైతే కీళ్ళు మోస్తాయా? వాటికి నూనె ఎవరు పెడతారు? లోపల అడుగుల చప్పుడు వినబడిందంటే తలుపు పలచనదే కదా, పలచని తలుపు కోటకేమిటి? ఏదైతేనేం, తెరుస్తారా తట్టుతారా పారిపోతారా అని సునీల్ మళ్ళీ మళ్ళీ అడిగాడు.

"ఏం చేసేది తర్వాతప్పా. ముందు తలుపు నిలబడల్ల కదా," అన్నాడు దుర్గాప్రసాద్.

రైలు టైమయింది. తలుపు తేలలేదు.

ధర్మవరం ప్యాసింజరులో సునీల్‌కూ దుర్గాప్రసాద్‌కూ ఎదురెదురుగా సీట్లు దొరికాయి. బాగానే మొదలుపెట్టావు గానీ గొంతులో క్వాలిటీ లేదని దుర్గాప్రసాద్ స్నేహంగా చెప్పాడు. సునీల్ తల ఊపాడు. ఇప్పుడైనా అడుగుతాడేమో, లోపల నడుస్తున్నది ఎవరప్పా అని ఒక్క మాట అడుగుతాడేమోనని అతని మొహం వైపే చూస్తూ కూర్చున్నాడు. మక్కాజిపల్లి పోయింది, బాసంపల్లి పోయింది. దుర్గాప్రసాద్ కిటికీ ఊచకు తల ఆనించి నిద్రపోయాడు.

సంఘం ఇప్పటికీ దివ్యంగా ఉంది. తలుపు చర్చ నాలుగేళ్ళుగా ఇంటర్నెట్టులో నడుస్తోంది, ఫారిన్ వాళ్ళు కూడా చేరారు. సునీల్ ఇప్పుడు టీ తేవడం లేదు. అతనిప్పుడు సంఘంలో పెద్ద తలకాయ, బైండింగుల మీద అతని మాటకు తిరుగులేదు. ఒక పుస్తకాన్ని అతను కాదన్నాడంటే హిందూపురం నుంచి ధర్మవరం దాకా ఎవరూ ముట్టుకోరు. ఒకప్పుడు నోరు లేనివాణ్ణి ఇంతవాణ్ణి చేసింది నాణ్యతా చర్చ కాదూ? ఇది వరం కాకపోతే ఇంకేమిటి?

అంతా బాగానే ఉంది. కానీ మొన్న హిందూపురం స్టేషన్లో కనిపిస్తే నాకే ఉండబట్టలేదు. ఇన్నేళ్ళూ ఆడేవాళ్ళను వెక్కిరించిన నేనే అతని చెయ్యి పట్టుకుని, ఆ కోట లోపల నడుస్తున్నది ఎవరు నాయనా, చెప్పవూ, అని అడిగాను.



"ఎవురో సార్, గ్యాపకం ల్యా," అన్నాడు సునీల్. "అయినా ఆ పుస్తకం కుట్టే సరిగా ల్యా."