పరదేశమ్మకు పదిహేను నిమిషాల మంచినీళ్లు

ఇంజన్ల జాబితాలో పేరు పడిన మంగళవారం మధ్యాహ్నం, గంగవానిపాలెంలో వాసుపల్లి పరదేశమ్మ తొమ్మిదిన్నర గుర్రాల బలం గల బోటు ఇంజన్‌గా మారింది.

ఇందులో ఎవరి తప్పూ లేదు. పాలెంలో మంచినీటి కుళాయి ఒక్కటే. సముద్రం నుంచి వచ్చిన ఇంజన్‌ను వెంటనే మంచినీళ్లతో కడగకపోతే లోపల ఉప్పు పేరుకుని దారులు మూసుకుపోతాయి. అందుకని ఇకపై ఆ కుళాయి ఇంజన్లకు మాత్రమేనని, ఒక్కోదానికి రోజుకు పదిహేను నిమిషాలని పై ఆఫీసు ఉత్తర్వు పంపింది. మనుషులకు మూడు కిలోమీటర్ల దూరంలో బావి ఉంది. మనుషులకు తుప్పు పట్టదని ఉత్తర్వు చివర వివరణ కూడా ఇచ్చారు.

జాబితా కోసం ఇంటింటికీ ఒక ఫారం పంచారు. నాలుగో గడిలో, ఉప్పునీళ్లలో రోజూ అన్నిటికన్నా ఎక్కువసేపు పనిచేసేదాని పేరు, గంటలు రాయమన్నారు. పరదేశమ్మ భర్త కొర్లయ్య సర్కారు కాగితం మీద అబద్ధం రాసే మనిషి కాదు. అతని బోటు ఇంజన్ రోజుకు నాలుగు గంటలు తిరుగుతుంది. భార్య తెల్లవారింది మొదలు పొద్దుగూకేదాకా ఉప్పు తొట్టెలో మోచేతులదాకా చేతులు ముంచి, చీల్చిన చేపలను ఊరేస్తుంది. వేళ్ల మీద లెక్కపెట్టుకుని ఆమె పేరే రాశాడు. పది గంటలు.

మార్పు పెద్దగా కనిపించలేదు. ఎడమ భుజం వెనక, చివర పిడి ఉన్న తాడు ఒకటి మొలిచింది. కుడి చెవి కింద బఠాణీ గింజంత రంధ్రం పడింది. తాడు లాగితే రెండో లాగుకే అందుకునేది. పాలెంలో మిగతా ఇంజన్లు ఐదారు లాగులు తీసుకుంటాయి కనుక చుట్టుపక్కలవాళ్లు కొర్లయ్యను అదృష్టవంతుడన్నారు. ఆశ్చర్యపోయినవాళ్లు లేరు. కిందటేడు రికార్డుల్లో చెరువుగా నమోదైన మైదానంలో పిల్లలు ఇప్పటికీ ఈదుకుంటూనే బడికి వెళుతున్నారు.

అత్తగారు ఎర్రమ్మకు మాత్రం ఒక సందేహం వచ్చింది.

"ఇంజనైతే అయినాది. కూర ఎవులొండతారు?"

"ఇంజను కూర వొండాలని ఉత్తర్వులో నేదమ్మా," అన్నాడు కొర్లయ్య.

"మరి ఇంజను మొగుడు వొండకూడదని ఉందేటి?" అంది పరదేశమ్మ గడప మీద కూర్చుని.

ఆ సాయంత్రమే ఆమెను కుళాయి దగ్గర నీడలో స్టూలు మీద కూర్చోబెట్టి, రబ్బరు గొట్టం నడినెత్తిన ఆనించారు. లోపలికి వెళ్లిన నీళ్లు చెవి కింది రంధ్రం నుంచి సన్నని ధారగా బయటికొచ్చాయి. ఇంజన్ కడిగేటప్పుడు పాలెం వాళ్లు గడియారాన్ని నమ్మరు. బయటికొచ్చే నీటిని వేలితో నాలుక మీద వేసుకుని చూస్తారు. ఉప్పు తగిలినంతసేపూ కడిగినట్టు కాదు. పై ఆఫీసు నుంచి తనిఖీకి వచ్చిన భాస్కరం గారు కూడా అదే పద్ధతిలో ఒక చుక్క రుచి చూసి, మొహం చిట్లించి ఉమ్మేశారు.

"ఇది ఈ రోజు ఉప్పు కాదు," అన్నారు. "ఎన్నేళ్ల నుంచి నడుస్తోంది?"

"మా పెళ్లయి ఇరవై రెండేళ్లండి బాబూ."

"మధ్యలో ఎప్పుడైనా కడిగారా?"

కొర్లయ్య ఆలోచించాడు. "పురుళ్లప్పుడు రెండుసార్లు పుట్టింటికెల్లినాదండి."

భాస్కరం గారు నిబంధనలు తిప్పారు. లోపల ఉప్పున్న ఇంజన్‌ను పనిలో పెట్టరాదు. ధార చప్పబడేదాకా నీడలో ఉంచి, రోజూ కడిగి, తనిఖీ అధికారి రుచి చూసి సంతకం చేశాకే తిరిగి వాడాలి. పుస్తకంలో "ఇంకా ఉప్పు" అని రాసి, తేదీ వేసుకుని వెళ్లారు.

పరదేశమ్మ ఇరవై రెండేళ్లలో మొదటిసారి మధ్యాహ్నం పడుకుంది. నాలుగో రోజుకు వేళ్ల మధ్య పగుళ్లు మూసుకోవడం మొదలైంది. ఆరో రోజున జాకెట్టు హుక్కు పెట్టుకుంటుంటే మంట పుట్టకపోవడం గమనించి, విప్పి మళ్లీ పెట్టుకుంది. ధారలో ఉప్పు ఉన్నంతకాలమే ఇదంతా అని ఆమెకు తెలుసు. అందుకని రోజూ భాస్కరం గారి నాలుక వైపే చూస్తూ కూర్చునేది.

కొర్లయ్య కూడా అటే చూసేవాడు. వేటకు వెళ్లొచ్చి, కూర వండి, తొట్టె ముందు కూర్చునేసరికి అతని వంతు పద్నాలుగు గంటలవుతోంది. సగం చేపలు ఊరకముందే పురుగు పట్టాయి. సాయంత్రం భాస్కరం గారికంటే ముందే వచ్చి చుక్క నాకి చూసేవాడు.

"తగ్గినట్టున్నాది."

"నీ నాలిక మొద్దుబారిపోనాది మావా. ఉప్పులో ఉంటే అలగే ఉంతాది."

"నిన్నటికీ ఇయ్యాల్టికీ తేడా నేదేటే?"

"నీకు కూరలోనే తెలదు ఉప్పు ఎక్కువైందో తక్కువైందో. చెవిలో నీల్లల్లో తెలుస్తాదేటి?"

తొమ్మిదో రోజు ఉదయం ఎవరూ చూడకుండా ఆమె తొట్టెలో ఉప్పునీళ్లు గ్లాసుతో ముంచుకుని తాగింది. ఆ సాయంత్రం ధార సముద్రంలా ఉప్పగా ఉంది. కానీ ఇంజన్ బాగుపడితే ఏది పోసినా శుభ్రంగా తోసేస్తుంది. పన్నెండో రోజున భాస్కరం గారు ఒక చుక్కకు రెండు చుక్కలు రుచి చూసి తలూపారు.

"చప్పగా ఉంది. పనికి సిద్ధం."

కొర్లయ్య చేతులు కడుక్కోవడానికి లేచాడు. పరదేశమ్మ లేవలేదు.

"రేపటి నుంచి మల్లీ తొట్టెలోకేనా బాబూ?"

"అందుకే కదమ్మా కడిగేది. ఉప్పులోకి పంపని ఇంజన్‌ను ఎవరు కడుగుతారు?"

ఆమె చాలాసేపు తన వేళ్లు చూసుకుంది. "మరి పనయ్యాక రోజూ పదేను నిమిసాలూ?"

"అది మీ హక్కు."

"ఆ పదేను నిమిసాల్లో నన్నెవులైనా పిలిస్తే?"

భాస్కరం గారు మళ్లీ నిబంధనలు వెతికారు. కడిగేటప్పుడు ఇంజన్‌కు గేరు వేయరాదని పదకొండో పేజీలో ఉంది. వేస్తే లోపల పళ్లు విరుగుతాయి.

"అది రాసిచ్చీయండి," అంది.

రాసి, ముద్ర వేసి ఇచ్చారు. ఆమె దాన్ని ప్లాస్టిక్ కవరులో పెట్టి కుళాయి పక్కన మేకుకు తగిలించింది. మర్నాడు పది గంటలు ఉప్పులో పనిచేసి, స్టూలు మీద కూర్చుంది. ఎర్రమ్మ వాకిట్లోంచి పిలిచింది. కొర్లయ్య అగ్గిపెట్టె ఎక్కడుందని అడిగాడు. పరదేశమ్మ కళ్లు తెరవకుండా కవరు వైపు వేలు చూపించింది. పదిహేను నిమిషాలపాటు పాలెంలో ఆమెతో పని పడినవాళ్లందరూ నిలబడిపోయారు.

నీళ్లబిందెలతో బావి నుంచి వస్తున్న ఆడవాళ్లు ఇది చూసి, బిందెలు అక్కడే దింపారు.

నెల తిరిగేసరికి పాలెంలో మిగతా ఆడవాళ్లంతా ఫారాలు దిద్దించుకున్నారు; పరదేశమ్మతో కలిపి నూట పన్నెండు మంది. అందరికీ గంటలు పదికి పైనే తేలాయి. ఆ ఏడాది జనగణనలో గంగవానిపాలెంలో మగవారు నూట ముప్పై, బోట్లవి ఇరవై కలుపుకుని ఇంజన్లు నూట ముప్పై రెండు, స్త్రీలు ఎవరూ లేరని రాసుకున్నారు. అభ్యంతరాలుంటే ఏడు రోజుల్లో తెలపవచ్చని నోటీసు అంటించారు. ఒకే ఒక అర్జీ వచ్చింది. దాని మీద నూట పన్నెండు వేలిముద్రలున్నాయి. ఒక్కోదానికి పదిహేను నిమిషాల చొప్పున రోజుకు ముప్పై మూడు గంటలు కావాలి కనుక, రెండో కుళాయి వేయించమని కోరారు.